సెవిల్‌లో నేను చదవని ఉత్తరాలు

స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో మూడు నెలలు కూర్చుని నాలుగైదు వందల ఏళ్ళనాటి ఉత్తరాలు చదివానని దోహాలోని నజ్మా పేటలో చాలామందికి చెప్పాను. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుంటేనే కాగితం ముట్టనిచ్చేవారని కూడా చెప్పాను. సెవిల్‌కు నేనెప్పుడూ వెళ్ళలేదు. ఆ ఊరి పేరు మొదట చూసింది నారింజ మార్మలేడ్ సీసా మీద. ఈ ఊళ్ళోనే ఒక నిర్మాణ కంపెనీ ఫైళ్ళగదిలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, ఇప్పుడు ఉమ్ ఘువైలినాలో కూతురింట్లో ఉంటున్నాను. పొద్దుపోక లైబ్రరీకి వెళ్తే ఆ ఉత్తరాల ఇంగ్లిషు అనువాదం దొరికింది. తొడుగులు నేను కథకు తొడిగినవే.

ఉత్తరాలు మాత్రం నిజం. స్పెయిన్ రాజ్యం సముద్రాల అవతలికి పాకిన రోజుల్లో మెక్సికోకో పెరూకో పోయిన దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు, చిన్న వర్తకులు ఇంటికి రాసుకున్నవి. ఇక్కడ తిండికి లోటు లేదు, నాకు గుర్రం ఉంది, తమ్ముణ్ణి పంపించండి అని రాసేవారు. ఓడ ఎక్కాలంటే రాజుగారి అనుమతి కావాలి. ఆ తమ్ముడు వెళ్ళి, ‘అక్కడ మావాడు పిలుస్తున్నాడు, చూడండి’ అని ఆ ఉత్తరాన్నే అర్జీకి జతచేసేవాడు. అందుకే అవి చెత్తలో పోకుండా ఫైళ్ళలో మిగిలాయి. గొప్పలకు పోయి రాసిన మాట సర్కారు కాగితమై కూర్చుంది. ఫైళ్ళగదిలో తల నెరిసినవాణ్ణి, ఈ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

ఒక శుక్రవారం పొద్దున నజ్మాలో మేం టిఫిన్ చేసే హోటల్లో ఆ ఓడల కాలంనాటి ఇంకో కట్టుబాటు గురించి చెప్తున్నాను. పెళ్ళైనవాడు భార్య ఒప్పుకుందని కాగితం చూపించి వెళ్ళాలి. మామూలుగా మూడేళ్ళ గడువు ఇచ్చేవారు. అది దాటితే పట్టుకుని వెనక్కి ఓడ ఎక్కించమని ఆజ్ఞ.

ఎదురుగా కూర్చున్న జగిత్యాల మనిషి ఇడ్లీ ముక్క తుంచి అలాగే పట్టుకున్నాడు. సైట్లలో ఇనుము మోస్తాడు. ఏడాదిగా పరిచయం.

“నాకు ఐదేండ్లు దాటినయ్ సారూ. నన్ను పట్టుకునే రాజెవడు లేడాయె.”

“ఊరెళ్ళడానికి చుట్టీ ఇవ్వడం లేదా?”

“ఇస్తరు. నేనే పోతలేను. సూపర్వైజర్‌నైన అని ఇంట్ల చెప్పిన. ఊళ్ళె సూపర్వైజర్ లెక్క దిగాలె గద.” ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు: “ఈ నడుమ మా ఆమెకు నమ్మకం కుదుర్తలేదు. డ్యూటీ కాడి ఫోటో ఒక్కటన్న పంపలేవా అంటది. మీ అసుంటి పెద్దమనిషి ఒక్క మాట చెప్తె నమ్ముతది.”

అతను అడిగింది ఒక్క మాట. నేను అతని ఫోన్లో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. మీ ఆయన కింద ఇరవైమంది ఉన్నారమ్మా, ఏసీ గది ఇచ్చారు, ఇంజనీర్లు కూడా ఆయన్ని అడక్కుండా అడుగు వెయ్యరు అన్నాను. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకూ హుషారెక్కింది. ఇక ఇంజనీర్లకు చాయ్ తాగే తీరిక లేకుండా చేశాను.

మూడు వారాల తరవాత వచ్చాడు. టిఫిన్ చెప్పలేదు.

“మీ మాట ఊరంత తిరుగుతున్నది సారూ. మా బామ్మర్ది దాన్ని గల్ఫ్ ఏజెంట్‌కు సుత ఇనిపిచ్చిండు. సూపర్వైజర్ బావ ఉండంగ నాకేం ఫికర్, ఏసీల కూసుంట అంటున్నడు. నిరుడే వానికి నడుముకు ఆపరేషనైంది. ఈడ ఇనుము మోస్తె చస్తడు.”

“నువ్వు చెప్పచ్చుగా, రావద్దని.”

“చెప్పిన. ‘నా తమ్ముడు బాగుపడుతె నీకు కండ్లమంటనా’ అన్నది మా ఆమె.”

పుస్తకంలో చదివి నవ్వుకున్న ఉత్తరం ఈసారి నా గొంతుతోనే అర్జీకి జతపడింది. నేనే చెప్తాను, కలుపు అన్నాను.

వీడియో కాల్‌లో ఆమె, వెనక గోడకు ఆనుకుని తమ్ముడు. నేను దాచకుండా చెప్పాను. ఏసీ గది లేదు, కింద మనుషులు లేరు, అంతా నేను కల్పించాను, తప్పు నాది అన్నాను. ఆమె తొణకలేదు.

“ఏది నమ్మాలె సారూ? అప్పుడు గిట్లనే నమ్మేటట్టు చెప్పిండ్రి. మా తమ్ముడు గల్ఫ్‌కు రావద్దని మా ఆయన మీతోని చెప్పిస్తున్నడా?”

జీవితంలో మొదటిసారి ఏ అలంకారమూ లేకుండా ఒక నిజం చెప్తే దానికి దక్కిన మర్యాద ఇది. ఒట్టు వేద్దామనుకున్నాను. నా ఒట్టుకు విలువేముందని ఆగిపోయాను.

అప్పుడు అతను చొక్కా జేబులోంచి బతాకా తీశాడు. ఇక్కడ అందరి దగ్గరా ఉండే గుర్తింపు కార్డు అది. మనిషి పని ఏమిటో అరబ్బీలో, ఇంగ్లిషులో దాని మీద ఉంటుంది. ఫోన్ ముందు పట్టుకున్నాడు.

“సదువురా.”

తమ్ముడు ముందుకొచ్చి తెరకు కళ్ళు ఆనించాడు.

“లేబర్ అని ఉన్నదక్కా.”

తమ్ముడు బావనే అడిగాడు: “నిన్ననే రైస్‌మిల్లుల పని ఇడిసిపెడుతున్న అని చెప్పొచ్చిన గద బావా. ఆడ నడుముకు బరువు లేని పని ఏమన్న దొరుకుతదా?”

అతను నా వైపు చూశాడు.

“దొరకదు నాయనా,” అన్నాను. “నాకు తెలిసిన ఏ సైట్లోనూ దొరకదు. ఇవాళే వెళ్ళి మిల్లులో అడుగు.”

తమ్ముడు చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. మిల్లులో మళ్ళీ పెట్టుకుంటారో లేదో వాడికే తెలియదు.

ఫోన్ ముందు ఆమె ఒక్కతే మిగిలింది. చీర చెంగుతో తెర తుడిచింది, మసక తెర మీదే ఉన్నట్టు.

“సారూ, ఇగ సూపర్వైజర్ కాదని తెలిసిపోయె. ఇంటికొచ్చుడుకు ఏం అడ్డం? ఎప్పుడొస్తడో అదన్న నిజం చెప్పుండ్రి.”

అది చెప్పవలసింది నేను కాదు. అతను బతాకాను జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ అతని ముందు పెట్టి, నేను లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాను.