నూనె రాసిన తుపాకీ

మా మేనత్తకి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. తప్పు. ఆవిడ కోపం చేతిలో ఉంటుంది. గరిటె పట్టుకుని ఉంటే గరిటెతో, పట్టకారు పట్టుకుని ఉంటే పట్టకారుతో వచ్చేస్తుంది. వృత్తి ఇనుము కోయడం. గ్యాస్ మంటతో పాత లారీలనీ బాయిలర్లనీ ముక్కలు చేసేది. ఇద్దరు మగవాళ్ళు ఆపసోపాలు పడే సిలిండర్ని ఒక్కతే దొర్లించుకుపోయేది. "ఆడదానివి, నీకెందుకమ్మా నిప్పుతో చెలగాటం?" అని సలహా ఇచ్చిన పెద్దమనిషి ఒకాయన మళ్ళీ మా వీధి మొహం చూడలేదు.

మామయ్య దర్జీ. మెత్తటి మనిషి. ఇంట్లో అరిచేది అత్త, నవ్వేది మామయ్య. తల్లీ తండ్రీ పోయాక మా నాన్నని పెంచింది వాళ్ళిద్దరే. నాన్న సైన్యంలో చేరితే, ఇచ్చిన బట్టలు వదులుగా ఉన్నాయని విప్పి మళ్ళీ కుట్టింది కూడా ఆయనే.

ఏటికి అవతలి దేశంతో యుద్ధం వచ్చింది. ఒకరోజు అవతలి కొండ మీంచి మా మార్కెట్ మీద ఫిరంగి గుళ్ళు పడ్డాయి. నేనూ అత్తా పరిగెత్తాం. కూరగాయలూ మనుషులూ కలిసిపోయి ఉన్నారు. కుట్టుమిషన్ పక్కన పడి ఉన్నది మామయ్యే అని మెడలోని కొలత టేపుని బట్టి గుర్తుపట్టాం. మొహం లేదు. అత్త ఏడవలేదు. ఆయన్ని ఒళ్ళోకి తీసుకుని, దగ్గరికి వచ్చిన ప్రతివాణ్ణీ తన్నింది. శవాన్ని తీయడానికి వచ్చిన డాక్టర్ చెంప కూడా పగలగొట్టింది.

కొన్నేళ్ళకి ఒప్పందం కుదిరింది. రెండు దేశాల పెద్దలూ చేతులు కలిపారు, ఏటికి రెండువైపులా ఇక ఒక్క తుపాకీ ఉండదన్నారు. బాగానే ఉంది, నమ్మేదెవరు? అందుకని వంతెన మధ్యలో రేకుల షెడ్డు వేశారు. వాళ్ళ తుపాకులు మనం కోయాలి, మన తుపాకులు వాళ్ళు కోయాలి. అప్పగించేవాడు తుపాకీలో గుండు పెట్టే గది తెరిచి పట్టుకుంటే, అవతలివాడు అందులో చిటికెన వేలు పెట్టి, గుండు లేదని చూసుకోవాలి. షెడ్డులో మనిషి చస్తే అప్పగింతలు ఆ క్షణమే ఆగిపోతాయి. మిగిలిన తుపాకులు ఎవరివి వాళ్ళవే, చంపినవాడికి ఉరి. కొండ మీది పెద్ద ఫిరంగులు ఇంకా దిగలేదు. అవి దిగేదాకా ఆ షెడ్డులో ఎవరూ చావకూడదు. మా ఊరి ప్రాణాలన్నీ ఆ ఒక్క షరతు మీద ఉన్నాయి.

"నా మొగుణ్ణి చంపిన ఇనుముని నా చేత్తోనే కోస్తా" అని అత్త ఆ పనికి ఎగిరి గంతేసింది. సిలిండర్ల దగ్గర నన్ను పెట్టుకుంది.

ఆవిడకి నూనె అంటే యముడితో సమానం. ఆక్సిజన్ గొట్టం మూతికి నూనె చెయ్యి తగిలితే చాలు, పేలి షెడ్డంతా ఎగిరిపోతుంది. అందుకే వచ్చే ప్రతి తుపాకీనీ ముందు సబ్బునీళ్ళతో కడిగించేది. తలకి నూనె రాసుకుని వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నాలుగు తిట్టి పంపేది. పొడి తుపాకీ లోపలికి, నూనె తల ఇంటికి.

అత్త బల్లకి అవతల నిలబడే మనిషిని మేము కొండాయన అనేవాళ్ళం. ఆ కొండ కింద ఊరివాడు. పని తెలిసినవాడు, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఒక మధ్యాహ్నం అత్త కోస్తున్న చిన్న ఫిరంగి గొట్టాన్ని చూసి ఉన్నట్టుండి అన్నాడు.

"అక్కా, దీనితోనే మీ మార్కెట్ మీద వేసింది. వేసింది నేనే."

అత్త మంట ఆర్పింది. పట్టకారు ఎత్తి ఆయన చెవి మీద కొట్టింది. చెవి చీలి వేలాడింది. ఇంకోటి కొడితే పన్ను ఊడి బల్ల మీద పడింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. నేను వెనకనించి నడుం పట్టుకుని లాగకపోతే పుర్రె పగిలేది. "అక్కా గిక్కా అన్నావంటే నాలుక కోస్తా!" అని అత్త అరుస్తూనే ఉంది. కాపలావాళ్ళు వచ్చేసరికి ఆయన చెవి పట్టుకుని, "జారి పడ్డాను" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్త గిన్నెలు విసురుతూ అంతా కక్కేసింది. నాన్న వింటూ కూర్చున్నాడు.

"వాడేనా? రోజూ నీకు ఎదురుగా నిలబడేవాడే?"

"వాడే. పురుగులు పడి పోతాడు, నువ్వు మాత్రం ఊరుకో. విన్నావా?"

"విన్నాను అక్కా."

నాన్న అంత బుద్ధిగా జవాబిచ్చినప్పుడే నాకు గుండె ఝల్లుమనాల్సింది. బుద్ధి మా ఇంటావంటా లేదు.

మర్నాడు షెడ్డు ముందు వరసలో నాన్న కనిపించాడు. భుజాన గోనెసంచి. ఆయన తుపాకీ అప్పగించి చాలా రోజులైంది, ఇంకోటి దాచాడని మాకెవరికీ తెలియదు. "ఇదీ ఇచ్చేద్దామని వచ్చాను" అని గుమ్మం దగ్గర నవ్వుతూ చెప్పాడు. మా వైపు కాపలావాళ్ళందరికీ నాన్న తెలుసు, అక్క లోపల ఉంది, కడిగే తొట్టి దగ్గర ఎవరూ ఆపలేదు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి సంచి విప్పి తుపాకీ బయటికి తీశాడు. చెవికి కట్టు కట్టుకున్న కొండాయన, వేలు పెట్టి చూడ్డానికి ఒక అడుగు ముందుకి వేశాడు.

అత్త ముక్కుపుటాలు అదిరాయి. నూనె! పారేసే తుపాకీకి ఎవడైనా కొత్త నూనె రాస్తాడా? పాత సైనికుడు కదా, పేల్చబోయే ముందు తుడిచి నూనె పెట్టకుండా ఉండలేకపోయాడు. అక్క ఏం పని చేస్తుందో ఆ ఒక్క పూట మరిచిపోయాడు.

"సిలిండర్ల కాక్‌లు మూసెయ్యవే!" అని నాకు ఒక్క అరుపు. అదే ఊపులో బల్ల మీది సమ్మెట ఎత్తి నాన్న కుడిచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. గుండు పేలింది. పైన రేకుకి బొక్క పడింది. నాన్న ఎడమచేత్తో తుపాకీ అందుకోబోయాడు, ఆ చేతి వేళ్ళ మీద ఇంకో దెబ్బ. వేళ్ళు నలిగి రక్తం బల్ల మీదికి కారింది. నాన్న మోకాళ్ళ మీద కూలబడి, నేను ఎప్పుడూ వినని బూతులు తన అక్కనే తిట్టాడు. నేను కాక్‌లు తిప్పేసి, నాన్న మీద పడి గట్టిగా పట్టుకున్నాను.

రెండువైపుల కాపలావాళ్ళూ లాఠీలతో వచ్చిపడ్డారు. అవతలి అధికారి, "ఎవరు పేల్చారు?" అని గర్జించాడు.

కొండాయన ముందుకొచ్చాడు. "నేనే అయ్యా. గదిలో గుండు చూసుకోలేదు."

వాళ్ళ లాఠీలు ఆయన వీపు మీద దిగాయి. అత్త ఊరుకుంటే అయిపోయేది. నాన్న ఇంటికి వచ్చేవాడు. నా కళ్ళు ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాయి.

"ఆపండ్రా!" అంది అత్త. "వీడు అబద్ధాలకోరు. నా మొగుణ్ణి చంపినవాడి దయ నాకక్కర్లేదు. మా తమ్ముడు వీణ్ణి చంపడానికే వచ్చాడు. చేతులు విరగ్గొట్టింది నేను. ఎవరూ చావలేదు, చూసుకోండి, లెక్కపెట్టుకోండి. ఇక మీ ఫిరంగులు దింపండి!"

వాదులాటలు జరిగాయి. ఎవరూ చావలేదు కాబట్టి అప్పగింతలు ఆగలేదు. ఫిరంగులు దిగాయి, అత్తే కోసింది. కొండాయనతో మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు. క్షమించావా అని ఎవరైనా అడిగితే, "చచ్చేదాకా క్షమించను. వాడూ బతికే ఏడవాలి, నేనూ బతికే ఏడవాలి" అనేది.

నాన్నకి జైలు పడింది. రెండు చేతులకీ కట్లు. అన్నం తినిపించడానికి ఇంటివాళ్ళని రానిచ్చారు. నేను వెళితే తినేవాడు. అత్త వస్తే గోడకేసి తిరిగేవాడు. ఒకరోజు అత్త గిన్నె తీసుకుని ఆ గోడకీ ఆయనకీ మధ్య కూర్చుంది.

"నా చేతులు విరగ్గొట్టావు."

"చేతులే కదరా. ఒకణ్ణి పాతిపెట్టాను. నిన్ను కూడా పాతిపెట్టే ఓపిక నాకు లేదు. నోరు తెరు."

తెరిచాడు. ముద్దతోపాటు ఆవిడ వేళ్ళు కూడా పళ్ళ మధ్య పెట్టి కసిదీరా కొరికాడు. అన్నం ఎర్రబడింది. నేను అరిచాను. అత్త చెయ్యి లాక్కోలేదు. ఎడమచేత్తో ఆయన చెంప ఛెళ్ళుమనిపించింది, వదిలేదాకా ఆగింది, ఆ కుడిచేతిని కొంగుకి తుడుచుకుని ఇంకో ముద్ద కలిపింది.

నాన్న వెక్కివెక్కి ఏడుస్తూ నోరు తెరిచాడు.