ఆగవా అంటే నీళ్ళు

ట్రెక్కింగ్ కంపెనీవాళ్ళు పంపిన ఫారంలో ఆరోగ్యం గురించి పదకొండు ప్రశ్నలున్నాయి. మా ఆయన తరఫున ఆ పదకొండింటికీ జవాబులు రాసింది నేనే. ఆయన సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నారు. "షుగర్ ఉందా అని అడుగుతున్నారండీ" అన్నాను. "బోర్డర్‌లో ఉంది కదా, ఏదో ఒకటి రాసెయ్" అన్నారు. మనవాళ్ళలో బోర్డర్ అని ఒక రోగం ఉంది. షుగర్ ఉన్నవాళ్ళెవరూ షుగర్ ఉందనరు, బోర్డర్‌లో ఉందంటారు. ఏళ్ళ తరబడి ఆ బోర్డర్ మీదే కాపురం పెట్టి, పొద్దునా సాయంత్రం మాత్రలు మింగుతూ, పెళ్ళి భోజనంలో రెండో లడ్డూ అడిగి వేయించుకుంటారు. మా ఆయన ఆరేళ్ళుగా ఆ బోర్డర్ మీద ఉన్నారు. నేను 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. తెలియక పెట్టలేదు. ఉందని రాస్తే డాక్టరు ఉత్తరం తెమ్మంటారు, డాక్టరు ఇవ్వడు, ప్రయాణం ఆగిపోతుంది. ఆగిపోవడం నాకు ఇష్టం లేదు.

మేము బహ్రెయిన్ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. అరాద్‌లో ఉంటాం. ఆయన అమ్వాజ్‌లో అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్ చూస్తారు. ఏ బిల్డింగులో లిఫ్టు ఆగినా, ఎవరింట్లో ఏసీ కారినా మోగేది ఆయన ఫోనే. నేను ఒక స్కూల్లో ఏడో తరగతికి సోషల్ చెబుతాను. పాఠ్యపుస్తకంలో మాయా నాగరికత అరపేజీ ఉంటుంది. ఆ అరపేజీ పన్నెండేళ్ళు చెప్పాక, ఒక ఏడు ఒక పిల్ల లేచి "మీరు చూశారా మేడమ్?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఎలా చెబుతున్నారు?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నన్ను చాలా రోజులు కుట్టింది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి వెతికితే, గ్వాటెమాలా ఉత్తరపు అడవిలో రోడ్డు లేని ఒక మాయా నగరం కనబడింది. గైడుతో నడిచి వెళ్ళడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు.

"ఇక్కడే ఆలీ అనే ఊళ్ళో వేల ఏళ్ళ నాటి సమాధి దిబ్బలున్నాయిగా. కారేసుకుని వెళితే ఇరవై నిమిషాలు. అవి చూస్తే పోలేదా?" అన్నారాయన. "అవి మీరు చూడండి, నేను అడవికి పోతాను" అన్నాను. ఒక్కదాన్నే పంపడానికి ఆయనకి మనసొప్పలేదు. రెండు రోజులు నసిగి, తనూ వస్తానన్నారు. ఆయనంతట ఆయనే వస్తానన్నారని తర్వాత నేను చాలామందికి చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు.

బహ్రెయిన్‌లో చెప్పుకోదగ్గ కొండ లేదు. అందుకని శుక్రవారాలు ఆయన చూసే బిల్డింగుకే వెళ్ళి, సామాన్లు మోసే మెట్ల మీద నడక నేర్చుకున్నాం. నేను ఎనిమిది అంతస్తులు నాలుగుసార్లు ఎక్కేదాన్ని. ఆయన రెండోసారికే ఐదో అంతస్తులో చతికిలబడేవారు. "ఏవండీ, లిఫ్టు పంపమంటారా?" అని నేను పైనుంచి అరిస్తే, కింద ఊడుస్తున్న బంగ్లాదేశ్ భాయ్‌లు కూడా నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. ఎవరు ఏమన్నా నవ్వడం ఆయనకి అలవాటు. ఆ అలవాటు మీద నాకు పెళ్ళయిన కొత్తల్లో ముచ్చట ఉండేది. తర్వాత్తర్వాత చిరాకుగా మారింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక సాయంత్రం ఇంట్లోంచి బయటికి వచ్చి కారు దాకా నడిచాక చూస్తే, ఆయన కుడి కాలికే చెప్పు ఉంది. ఎడమది గుమ్మం దగ్గరే జారిపోయింది. ఆయనకి తెలియనే లేదు. వాకిట్లో కంకర రాళ్ళ మీద అంత దూరం ఒట్టి కాలితో నడిచిన మనిషికి అది తెలియకపోవడం ఏమిటని నాకు అనిపించాలి. నాకు అనిపించింది వేరు. "మీకన్నా మీ చెప్పుకి తెలివుంది, అడవికి రానని ఇంట్లోనే ఉండిపోయింది" అన్నాను. ఆ మాట స్టాఫ్ రూములో కూడా చెప్పి నవ్వించాను.

ఈద్ సెలవులు కలిసొచ్చేలా చూసుకుని బయల్దేరాం. అడవి అంచున ఉన్న పల్లెలో నడక మొదలు. మాతో జర్మనీ నుంచి వచ్చిన భార్యాభర్తలు, కాస్త ఇంగ్లీషు వచ్చిన గైడు, స్పానిష్ తప్ప మరో మాట రాని ఒక ముసలాయన ఉన్నారు. తిండీ నీళ్ళూ గుడారాలూ మోసే రెండు కంచరగాడిదల్ని తోలడం ఆ ముసలాయన పని. గైడు మొదటే చెప్పాడు, ఎవరైనా వెనక్కి తిరగాలంటే అందరూ తిరగాల్సిందేనని. గాడిదలు రెండే, తోలేది ఒక్కడే, నీళ్ళు ఉన్నచోట మనుషులు ఉండాలి. చెబుతూ మా ఆయన పొట్ట వైపు చూశాడు. "ఆయన నడుస్తారు" అన్నాను నేను.

వానలు లేని కాలం కాబట్టి దారంతా ఎండిన బురద. వానల్లో గాడిదలు దిగబడ్డ గుంటలు అలాగే గట్టిపడి, అడుగు వేసిన ప్రతిచోటా మడమ మెలిపడుతుంది. కొమ్మల్లో కోతులు అరుస్తుంటే మొదట ఏ పులో అనుకుని బిగుసుకుపోయాం. నాకు మాత్రం పట్టరాని సంతోషంగా ఉంది. గైడు వెనకాలే నడుస్తున్నాను. ఆయన అందరికన్నా వెనక, గాడిదల దగ్గర. మధ్యాహ్నం కాకముందే వెనక నుంచి కేక వినబడింది. "ఏమేవ్, కాస్త ఆగవా!"

నేను ఆగేలోపే ముసలాయన పరుగున వెళ్ళి ఆయన చేతిలో నీళ్ళ డబ్బా పెట్టాడు. పాపం, తాగారు. పది నిమిషాలయ్యాక మళ్ళీ "ఆగవా" అన్నారు. మళ్ళీ నీళ్ళు వచ్చాయి. మూడోసారికి ఆయన డబ్బా చేత్తో తోసేసి, నా వైపు చూపిస్తూ "ఆగవా! ఆగవా!" అని అరిచారు. ముసలాయన బిక్కమొహం వేసుకుని, డబ్బా నాకు తెచ్చి ఇచ్చాడు. అప్పుడు నాకు వెలిగింది. స్పానిష్‌లో నీళ్ళని ఆగ్వా అంటారు. నడక ఆపి, పొట్ట పట్టుకుని నవ్వాను. గైడుకి చెప్పాను, జర్మనీవాళ్ళకి చెప్పాను. గైడు ముసలాయనకి చెప్పాడు. అడవంతా నవ్వింది. ఆ పూట నుంచి ఆయన పేరు మిస్టర్ ఆగ్వా. ఆయన నోరు తెరిస్తే చాలు, నలుగురూ కలిసి "ఆగ్వా!" అనేవారు. పేరు పెట్టింది నేనే.

ఇక్కడొక చిన్న లెక్క తప్పింది. అందరికీ నవ్వు గుర్తుండిపోయింది, అర్థం మాత్రం కాదు. ఆయన ఆగమంటున్నారని ఎవరికీ గుర్తు లేదు. ఆ మాట ఇక ఒక ఆట.

రెండో రోజు సాయంత్రం ఆయన బూట్లు విప్పలేదు. గుడారంలో కట్టిన గుడ్డ ఉయ్యాలలో బూట్లతోనే పడుకున్నారు. అలసట అనుకున్నాను. మూడో రోజు పొద్దున అందరూ సర్దుకుంటుంటే నన్ను పక్కకి పిలిచారు.

"ఖలాస్. ఇంక నా వల్ల కాదే. వెనక్కి పోదాం."

"ఏమైంది?"

"ఏమో. కాలు నాది కానట్టుంది. నొప్పి లేదు. అదే భయంగా ఉంది."

నొప్పి లేదట, భయమట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో ఏడెనిమిది గంటలు నడిస్తే నగరం. వెనక్కి తిరిగితే అందరం తిరగాలి, జర్మనీవాళ్ళు నా మొహాన ఉమ్ముతారు, క్లాసులో మళ్ళీ ఆ అరపేజీ దగ్గర నిలబడాలి.

"నొప్పి లేకపోతే ఇంకేమిటండీ మీ బాధ? మిమ్మల్ని కట్టుకుని ఏ ఒక్కటైనా చివరిదాకా చూశానా నేను? కాశీ వెళితే కడుపునొప్పి. మున్నార్ వెళితే కళ్ళు తిరుగుడు. ఆ జర్మనీ ఆయనా, ఆ ముసలాయనా మగవాళ్ళే, మీరే ఏదో ప్రత్యేకంగా పుట్టారు."

 ఆయన నవ్వలేదు. వంగి బూటు తాళ్ళు బిగించుకున్నారు. బిగించుకోవడానికి చాలా సేపు పట్టింది. నేను నిలబడి చూశాను. ఒక చెయ్యి వేయలేదు.

మధ్యాహ్నం మూడు దాటింది. చెట్ల సందుల్లోంచి తెల్లటి రాళ్ళ వరస ఒకటి కనబడింది. ఇది పాత రహదారి, ఇక ఒక గంటే అని గైడు చెప్పాడు. కాళ్ళకి రెక్కలొచ్చినట్టు నడుస్తున్నాను. అప్పుడు వెనక నుంచి వినబడింది.

"ఏమేవ్. ఆగవా."

జర్మనీ ఆవిడ నవ్వుతూ "ఆగ్వా!" అంది. ముసలాయన నీళ్ళు తీసుకెళ్ళిన చప్పుడు వినబడింది. ఆయన మళ్ళీ పిలిచారు. ఈసారి పెద్దగా. మూడోసారి మాత్రం అరవలేదు. చాలా చిన్నగా, ఇంట్లో పక్కగదిలోంచి పిలిచినట్టు, నా ఒక్కదానికే అన్నట్టు పిలిచారు. అది ఆటలో మాట కాదని ఆ గొంతులోనే తెలిసింది. ఆ అడవిలో ఆ మాట అర్థం గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే.

నేను వెనక్కి తిరగలేదు.

సాయంత్రానికి నగరం చేరాం. నగరమంటే చెట్లు కప్పేసిన దిబ్బలు. ఒక దిబ్బకి మాత్రం పైదాకా కర్ర మెట్లున్నాయి. ఆయన కింద రాతి మీద కూర్చుండిపోయారు. "మీరు రారా?" అన్నాను. తల అడ్డంగా ఊపారు. నేను ఎక్కాను. అమ్వాజ్ మెట్ల పుణ్యమా అని ఎక్కడా ఆగలేదు. పైన నిలబడితే నాలుగు దిక్కులా పచ్చదనమే, మనిషి జాడ లేదు. సూర్యుడు దిగిపోతున్నాడు. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అంత సంతోషం నా పెళ్ళిలో లేదు, నా కూతురు పుట్టినప్పుడు లేదు. అక్కడ ఉన్నంతసేపూ ఆయన ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అది జరిగింది అలాగే.

దిగి వచ్చేసరికి గైడు ఆయన ఎడమ బూటు విప్పి, మేజోడు కత్తిరిస్తున్నాడు. వాసనకి జర్మనీ ఆవిడ ముక్కు మూసుకుని పక్కకి వెళ్ళిపోయింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లబడి, కింద చర్మం తడిగా ఊడిపోయి ఉంది. బూటులో ఒక చిన్న రాయి ఉంది. శనగగింజంత రాయి. దాని మీదే రెండు రోజులు నడిచారు, తెలియకుండా.

"ఈయనకి షుగర్ ఉందా?" అని గైడు నన్ను అడిగాడు.

"బోర్డర్‌లో..." అన్నాను. ఇంగ్లీషులో అంటే అతనికి అర్థం కాలేదు. ఏ బోర్డర్, మెక్సికోదా అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఒక గాడిద మీది సామాను మేమంతా పంచుకుని మోశాం. ఆయన్ని దాని మీద కూర్చోబెట్టారు. మూడు రోజుల దారిలో ఆయన ఎవర్నీ పిలవలేదు. నీళ్ళు కావాలన్నా చెయ్యి చాపి చూపించేవారు. ముసలాయన ప్రతిసారీ టోపీ తీసి ఇచ్చేవాడు.

బహ్రెయిన్‌లో దిగిన రోజే ఆసుపత్రిలో చేర్చాం. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకొక్క రోజు ముందు బూటు విప్పి ఉంటే ఒక్కటైనా దక్కేదని మలయాళీ డాక్టరు చెప్పాడు. మామూలుగా, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ ఆయన ఒకటే మాట చెప్పారు. "తప్పు నాదే, రాయి పడితే చూసుకోవద్దూ?" వచ్చినవాళ్ళు ఆపిల్ పళ్ళు పెట్టి, నేను పడ్డ అవస్థకి జాలిపడి వెళ్ళారు. నేను వాళ్ళకి ఫోనులో దిబ్బ మీది ఫోటోలు చూపించాను.

నాలుగో రోజు పొద్దున గదిలో ఇద్దరమే ఉన్నాం. నేను జావ కలుపుతున్నాను. ఆయన కిటికీ వైపు చూస్తూ అడిగారు.

"ఆ రోజు తెల్లరాళ్ళ దగ్గర మూడుసార్లు పిలిచాను. బూటులోంచి ఏదో కారుతుంటే ఆ ముసలాయన చూపించాడు. నీకు చూపిద్దామని పిలిచాను. నీకు వినబడలేదా?"

గ్లాసు బల్ల మీద పెట్టాను. లేదని చెప్పడం ఎంతసేపు? ఫారం మీద ఎంత తేలిగ్గా పెట్టానో అంతే తేలిక. కానీ ఆయన మొహం నా వైపు తిరిగింది. ఆ మొహం ముందు నా నోరు తిరగలేదు.

"వినబడింది" అన్నాను.

 ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగి అన్నారు.

"లేదని చెప్పచ్చుగా."

డ్రెస్సింగ్ మార్చడానికి నర్సు వచ్చింది. కట్టు విప్పడానికి వంగుతూ, మీరు ఉండచ్చు మేడమ్ అంది. ఆయన తల అడ్డంగా ఊపి, నన్ను బయటికి పంపమని నర్సుకి ఇంగ్లీషులో చెప్పారు. తెలుగులో నాకు చెబితే సరిపోయేది. బయటికి వచ్చి తలుపు నేనే వేశాను.