ప్లస్సు తీగ

మా నాన్న నడిపిన పాత ట్రాక్టరుకు డైనమో తీయించి, కొత్త ఆల్టర్నేటర్ పెట్టించాను. ప్రత్తిపాడు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ వైర్లన్నీ కలిపి, "నేనొచ్చాక బ్యాటరీ పెడదాం బాబాయ్" అని ఫ్యూజు కొనడానికి వెళ్లాడు.

కల్లంలో యార్డుకు తోలాల్సిన మిర్చి ఉంది. మబ్బు పట్టింది. కుదురుగా కూర్చోలేక అతని కోసం డొంక చివరిదాకా రెండుసార్లు వెళ్లి చూసొచ్చాను.

"అతనొచ్చేదాకా ఆగొచ్చుగా" అంది నా భార్య, నేను బ్యాటరీ ఎత్తడం చూసి.

ఆగలేదు. ఇన్నేళ్లూ బిగించినట్టే ప్లస్సు తీగను ట్రాక్టరు బాడీకి బిగించాను. రెండో తీగ తగలగానే నిప్పురవ్వలు లేచాయి. ఆల్టర్నేటర్‌లోంచి పొగ వచ్చింది.

అతను వస్తూనే వాసన పట్టాడు. "డైనమోకైతే ప్లస్సు బాడీకి బాబాయ్. దీనికి మైనస్సు. ముందే చెప్పాల్సింది, నాదే తప్పు."

అతను తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

దాన్ని విప్పి, బాగుచేయించడానికి గుంటూరు పట్టుకెళ్లాడు. అదృష్టం కొద్దీ వాన పడలేదు. మూడో రోజు ఇంజను స్టార్టు చేయగానే ఛార్జింగ్ ఎర్ర లైటు ఆరిపోయింది, అంటే బ్యాటరీ ఛార్జవుతోంది. మిర్చి ఎక్కించుకుని బయల్దేరాను. యార్డు చేరేదాకా రోడ్డుకన్నా ఆ లైటునే ఎక్కువగా చూశాను.