మేడ మీద వంటగది

అమెరికాలో నా కంపెనీ పుట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. అందులో ఓ పావుగంట కుక్కర్ దించి, పప్పుకి పోపు పెట్టి రావడానికే పోయింది. వయోమింగ్ అనే రాష్ట్రంలో పెట్టాను. అక్కడే ఎందుకంటే, ఇంటర్నెట్లో వీడియోలు చేసే కుర్రాళ్ళందరూ కళ్ళు మూసుకుని అక్కడే పెట్టమన్నారు. ఆ రాష్ట్రం పటంలో ఎక్కడుందో ఫీజు కట్టేసిన తర్వాత చూసుకున్నాను. చోడవరం బజార్లో వంకాయలు కొనేటప్పుడు కూడా నేను ఇంతకంటే ఎక్కువ ఆలోచిస్తాను.

కంపెనీ దేనికంటే, నేనొక యాప్ తయారు చేశాను. ఊలుతో స్వెట్టర్లు అల్లేవాళ్ళకి కుట్ల లెక్క, వరసల లెక్క తప్పిపోకుండా చూసే యాప్. నాకు అల్లడం రాదు. మా ఊళ్ళో స్వెట్టరు అవసరం ఏడాదికి నాలుగు రోజులు, అదీ తెల్లవారకుండా చెరకు ట్రాక్టరు మీద గోవాడ ఫ్యాక్టరీకి పోయేవాళ్ళకి. చలిదేశాల పెద్దావిడలు మాత్రం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఒకావిడైతే తను అల్లిన టోపీ మనవడికి పెట్టి, ఫోటో తీసి, నాకు పంపింది కూడా.

అంతకు ముందు విశాఖపట్నంలో ఒక ఆఫీసుకి ఇంటి నుంచే పనిచేసేదాన్ని. ఒక సోమవారం పొద్దున అందర్నీ వీడియో కాల్లో కూర్చోబెట్టి, మనమంతా ఒక కుటుంబం అని చెప్పి, ఆ కుటుంబంలో సగం మందిని ఆ వారమే తీసేశారు. తీసేసిన సగంలో నేనున్నాను. ఇక నాకు మిగిలింది ఈ యాప్ ఒక్కటే. పెళ్ళయిన ఏడేళ్ళలో అచ్చంగా నాది అని చెప్పుకోగలిగిందీ అదే. అది ఆగిపోతే నేను మళ్ళీ పప్పు, పోపు మాత్రమే. ఆ ఆలోచనకే నాకు భయం వేసేది.

విదేశాల వాళ్ళ దగ్గర కార్డు మీద డబ్బు తీసుకుని మనకి పంపే సంస్థ ఒకటుంటుంది. వాళ్ళు, అమెరికాలో కంపెనీ ఉంటే రండి, లేకపోతే దయచేయండి అన్నారు. అందుకని లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ. అంటే పరిమిత బాధ్యత. కంపెనీ మునిగినా యజమాని మీదికి ఎవరూ రారట. ఒక ఇంటి పెద్దకోడలికి పరిమిత బాధ్యత అనే సౌకర్యం ఉంటుందని నాకు ఆ ఫారం చదివేదాకా తెలియదు. కంపెనీలో సభ్యులెందరు అని అడిగితే ఒక్కరు అని కొట్టాను. మేనేజరెవరంటే నేనే. కొట్టేటప్పుడు ఒంట్లో ఏదో తెలియని సుఖం కలిగింది, అబద్ధమెందుకు.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, రావికమతం రోడ్డులో బైకుల సామాన్ల షాపు నడిపే మా ఆయన, మా అత్త. కంపెనీ పెట్టిన సంగతి అత్తకి చెప్తే, అక్కడ మనవాళ్ళెవరున్నారని అడిగింది. ఎవరూ లేరు, మనకొచ్చే ఉత్తరాలు తీసుకోవడానికి ఒక ఏజెంటుంటాడు, ఏటేటా ఫీజిస్తే చాలని చెప్పాను.

"మన ఉత్తరాలు ఆడెవడో తీసుకోడానికి మనమే డబ్బులియ్యాలేటి?" అంది.

నేను ఆ ఏడాది ఫీజు కట్టేశాను.

తర్వాత పన్ను నంబరు. ప్రపంచానికి కంప్యూటర్లు నేర్పిన దేశం నంబరు కోసం ఫారం నింపి ఫ్యాక్స్ చెయ్యమంది. బస్టాండు దగ్గర జెరాక్స్ షాపతన్ని ఫ్యాక్స్ ఉందా అని అడిగితే, నా వంక జాలిగా చూసి, లామినేషన్ ఉందండీ అన్నాడు. చివరికి ఫోన్లోంచే ఫ్యాక్స్ పంపే ఉపాయమేదో దొరికింది. కొన్ని వారాల తర్వాత నంబరొచ్చింది. ఇక అమెరికా నన్ను పూర్తిగా నమ్మిందనుకుని ఇంట్లో సేమియా పాయసం చేశాను.

పాయసం అరక్కముందే ఆ డబ్బుల సంస్థ నుంచి మెయిల్. కంపెనీ యజమాని నిజంగా ఫారంలో రాసిన చోడవరం ఇంటి చిరునామాలోనే ఉంటున్నట్టు రుజువు కావాలట. యజమాని పేరు మీద కరెంటు బిల్లో, నీళ్ళ బిల్లో, గ్యాస్ పైపు బిల్లో, ఏదైనా పరవాలేదట. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే ఖాతా మూసేస్తారట. ఎంత ఉదారత! మా నీళ్ళు మా బోరులోంచే వస్తాయి, గ్యాస్ ఆటోలో వస్తుంది. నా ఆధార్లోనూ, బ్యాంకు పుస్తకంలోనూ ఇంకా పుట్టింటి చిరునామానే. మార్చమని రెండుసార్లు తిరిగితే రెండుసార్లూ ఏదో ఒక కాగితం తక్కువైంది. ఇక కరెంటు బిల్లంటారా, అది మా మామగారి పేరు మీద వస్తుంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. కాగితాల ప్రకారం మాత్రం మా ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆయనే వేసుకుంటున్నారు.

ఆ మీటరు నా పేరుకి మార్పిద్దామంటే వారసులందరి సంతకాలూ కావాలన్నారు. గాజువాకలో ఉద్యోగం చేసుకునే మా మరిదికి ఫోన్ చేశాం. మా వైపు ఒక గట్టి నమ్మకముంది, మీటరు ఎవరి పేరునుంటే ఇల్లు వాళ్ళ చేతికి పోయినట్టేనని. ఇంటి మీటరు వదిన పేరుకెందుకన్నాడు. అమెరికా కంపెనీ కోసమన్నాం. పై నెలలో వస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. చోడవరం మీటరుకీ అమెరికా కంపెనీకీ సంబంధమేమిటో అర్థం కాక, అర్థమైన విషయాన్నే అనుమానించాడు పాపం. పై నెలకి నా గడువు దాటిపోతుంది.

దారి చూపించింది మా వీధి ఎలక్ట్రీషియన్. పాత మీటరు జోలికి పోకుండా, నేను కూర్చుని పనిచేసుకునే మేడ మీది రేకుల గదికి నా పేరున కొత్త మీటరు పెట్టించమన్నాడు. ఆ స్థలం మా అత్తకి వాళ్ళ నాన్న రోలుగుంటలో పొలం అమ్మి పసుపు కుంకుమ కింద కొనిచ్చింది. ఇల్లు ఆవిడ పేరునే ఉంది. ఆవిడొక్కర్తీ సంతకం పెడితే చాలు, మరిదితో పనిలేదు. కాకపోతే గది వేరే వాటా అని చూపించాలి. మెట్లు ఎలాగూ బయట నుంచే ఉన్నాయి. వంటగది కూడా వేరేగా ఉండాలి.

"నిజంగా వండక్కర్లేదమ్మా, సూడ్డానికి పొయ్యి ఉంటే సాలు," అన్నాడు.

ఫారం పట్టుకుని వెళ్ళేసరికి మా అత్త వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. వేరే వంట ఉన్నాదని రాసేరేటి అని అడిగింది. అలాగే రాయాలంట అత్తా, కంపెనీ కోసం అన్నాను. నా ధ్యాసంతా కరెంటాఫీసు మూసేలోపు వెళ్ళడం మీదే ఉంది. ఆవిడ ఇంకేమీ అడగకుండా సంతకం చేసింది. వివరంగా మా ఆయన చెప్తారని నేననుకున్నాను. నేను చెప్పేశానని మా ఆయన అనుకున్నారు. ఇంట్లో ఇద్దరు మేనేజర్లుంటే పని ఇలాగే సాగుతుంది.

తనిఖీకి మనిషి వస్తాడన్న రోజు పొద్దున నేను మేడ మీద వంటగది కట్టేశాను. అటక మీది పాత సింగిల్ స్టవ్, ఖాళీ అయిపోయిన చిన్న సిలిండరు, ఉప్పు డబ్బా, కారం డబ్బా. గిన్నెలు కూడా ఉండాలి కదా. కిందవి మసి పట్టి ఉన్నాయని, మా అమ్మ సారెలో పెట్టిన కొత్త స్టీలు గిన్నెలు తీసుకుని రెండు విడతలుగా మెట్లెక్కాను. మా అత్త పెరట్లో గిన్నెలు తోముతూ తలెత్తి చూసింది. మళ్ళీ తోముకుంది. ఎదురింటావిడ మాత్రం ఊరుకోలేదు, వేరు పడిపోతన్నారేటమ్మా అని వాకిట్లోంచే అడిగింది. నేను నవ్వేశాను. మా వీధిలో రెండో మీటరున్న ఇళ్ళు మూడున్నాయి. మూడిట్లోనూ కుటుంబాలు విడిపోయాకే ఆ మీటరు వచ్చింది. ఆ సంగతి నాకు తెలియక కాదు. అది మాకూ వర్తిస్తుందని తట్టలేదు, అంతే. నేను అంతర్జాతీయ స్థాయిలో ఆలోచిస్తున్నాను మరి.

వచ్చినాయన గది చూశాడు, పొయ్యి చూశాడు, ఏదో రాసుకున్నాడు. రాసుకుని, ఎండ మండిపోతోంది, కాస్త టీ ఏమైనా అన్నాడు. సిలిండర్లో గ్యాస్ లేదు. నేను కిందికి పరిగెత్తి, మా అత్త పొయ్యి మీద, మా అత్త పాలతో టీ పెట్టి పైకి తెచ్చాను. ఆయన నా ప్రత్యేకమైన వంటగదిలో నిలబడి దాన్ని తాగి, చక్కెర సరిగ్గా పడిందని మెచ్చుకుని సంతకం పెట్టాడు. ఈ ముచ్చట ఫోన్లో నా స్నేహితురాలికి చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కిందికి వినపడిందేమో నాకు తెలియదు.

వారంలో మీటరు బిగించారు. ఆ రోజుల్లో మా అత్త ముభావంగా ఉందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు కొత్త ఫోన్లలో యాప్ ఆగిపోతోందని చలిదేశాల ఆవిడలు తిడుతుంటే, ఆ తిట్లకి వినయంగా జవాబులు రాసుకుంటున్నాను. గడువుకి ఇంకా నాలుగు రోజులుందనగా రీడింగ్ తీసే అతనొచ్చాడు. రెండు బిల్లులూ అత్త చేతికే ఇచ్చి వెళ్ళాడు. ఆవిడ మెట్లు ఎక్కలేక ఎక్కి, గుమ్మం బయటే నిలబడి ఒకటి నాకందించింది.

"ఇది మీ ఇంటిదమ్మా," అంది.

నేను ఆ చిన్న చీటీ లాక్కున్నంత పని చేసి, ఫోటో తీసి, వెంటనే పంపేశాను. మీ ఇంటిది అన్న మాట చెవిలో పడింది కానీ లోపలికి వెళ్ళలేదు. గంటన్నరలో జవాబొచ్చింది. మీరు మీ చిరునామాలోనే నివసిస్తున్నట్టు నిర్ధారించుకున్నాం, అభినందనలు, అని. ఇన్ని రోజులుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది. అత్తకి చెప్దామని, ఆకలి కూడా వేస్తోందని, కిందికి దిగాను.

మెట్ల మొదట్లో నా సారె గిన్నెలు, నేను పైకి తీసుకెళ్ళకుండా వదిలేసినవన్నీ, తోమి తుడిచి బోర్లించి ఉన్నాయి. పక్కన ఒక సంచిలో బియ్యం. గింజలు తీసిన చింతపండు ముద్దలు, బెల్లం, కందిపప్పు, అన్నీ సగం సగం విడివిడిగా మూటలు కట్టి ఉన్నాయి. కారం సీసాకి మూత వదులుగా ఉంటుందని గుడ్డ చుట్టి దారం కట్టింది. ఆ దారం చూశాక నాకు అర్థమైంది.

లోపల మా అత్త పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా చిన్న గిన్నెలో అన్నం. మేమెప్పుడూ పాలు కాచుకోవడానికి వాడే గిన్నె అది. మా ఆయన పొద్దున్నే క్యారేజీ తీసుకుపోయారు.

"ముందే సెప్పుంటే మంచి రోజు సూసి, పాలు పొంగించి పొయ్యి ముట్టించేదాన్ని కదమ్మా," అంది. కోపంగా కూడా అనలేదు. "అటక మీది పాత పొయ్యి ఎందుకూ, కొత్తదే కొనిచ్చేదాన్ని. నేనేటైనా అన్నానా నిన్ను?"

వేరు పడటం లేదత్తా అన్నాను. ఆ పొయ్యి వెలగదని, సిలిండరు ఖాళీదని, అమెరికావాళ్ళకి బిల్లు కావాలంటే ఆఫీసువాళ్ళకి చూపించడానికి పెట్టామని, మరిది సంతకం పెట్టలేదని, ఆధార్ మారలేదని, అన్నీ తలకిందులుగా చెప్పుకొచ్చాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఎక్కడో ఎప్పుడూ చూడని వాళ్ళకి, నేను ఈ ఇంట్లోనే ఉంటున్నానని నెల రోజులుగా కాగితాల మీద కాగితాలు పంపి నమ్మించాను. నాకు చాలా సిగ్గేసింది.

ఆవిడ మొత్తం విన్నది.

"ఆళ్ళకి అన్నీ సూపించేవు," అంది. "నాకొక్క మాట సెప్పలేదు."

లేచి, నా కంచం కోసం అలమారలో వెతికింది. అది కూడా మెట్ల దగ్గర పెట్టేసిందని గుర్తొచ్చి ఆగిపోయింది. నేను వెళ్ళి తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. మళ్ళీ వండుతానంటే, వేళ దాటిపోయింది, ఇప్పుడెందుకంది. గిన్నెలో అన్నం ఒక మనిషికే సరిపోతుంది. అందులో ఎక్కువ భాగం నా కంచంలోనే పెట్టింది.