బాల్‌పెన్ను గీత

నాచారం ఫ్యాక్టరీలో రేకు నా కుడి మణికట్టును కోసి అప్పటికి రెండు నెలలు. తెగిన నరాన్ని డాక్టర్లు కుట్టారు గానీ వేళ్లకు స్పర్శ రాలేదు. ఆరోజు ఉప్పల్ వెళ్లే బస్సు గతుకులో ఎగిరితే ఆ చెయ్యి సీటు కడ్డీకి తగిలింది. గట్టిగా అరిచాను.

పక్క సీటులోని పెద్దమనిషి నా మణికట్టు మీది మచ్చ చూశాడు. "కరెంటు కొట్టినట్టయిందా తమ్మీ?"

"అవునన్నా. వారం సంది గిట్లనే అయితున్నది. చెయ్యి పూరా ఖరాబైతదేమోనని భయమైతున్నది."

"ఫికర్ చెయ్యకు. నరం మొలుస్తున్నది."

చొక్కా చెయ్యి మడిచి తన మణికట్టు మీది పాత మచ్చ చూపించాడు. తర్వాత నా మచ్చ దగ్గర మొదలుపెట్టి, అరచేతి వైపు వేలితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లాడు. ఒకచోట జివ్వుమంది. జేబులోంచి బాల్‌పెన్ను తీసి సరిగ్గా అక్కడ గీత గీశాడు.

"వచ్చే నెల మళ్ల గిట్లనే తట్టి సూస్కో. జివ్వుమనే జాగ ఇంకింత ముంగటికి పోతది. నాది గట్లనే పోయింది."

ఉప్పల్‌లో దిగి జనంలో కలిసిపోయాడు. పేరైనా అడగలేదు.

అంతవరకు ఆ నొప్పి ఎక్కడ వస్తుందోనని చేతిని ఒళ్లో దాచుకునేవాణ్ణి. ఆ తర్వాత నెలనెలా పెన్ను పట్టుకుని నేనే దాన్ని వెతుక్కున్నాను. ఆరో గీత వేలి కొస దగ్గర పడింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుంటే చూపుడువేలు చుర్రుమంది. గ్లాసు వెంటనే కింద పెట్టలేదు.