లుబోర్ గారి మేత వేళలు

ఎదుటి మనిషి వయసు తెలియనిదే లుబోర్ హనాక్ కాఫీ కూడా ఇవ్వడు. వచ్చినవాళ్లు టోపీ తీసి కొక్కేనికి తగిలించే లోపే "ఎన్నేళ్లండీ?" అంటాడు. నలభై అంటే రెండు బిస్కెట్లు. అరవై అంటే ఒకటి. డెబ్బై దాటాయంటే బిస్కెట్టు లేదు, ఉడికించిన పాలకూర. వయసు తగ్గించి చెబితే బిస్కెట్టు ఎక్కువ వస్తుందని కనిపెట్టిన ఆడవాళ్లు, అసలు వయసు దాచడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదని సంబరపడ్డారు.

ఇదంతా చేపల పుణ్యం. ఒస్త్రావా ఊళ్లో ఆయన ఉండే ఎనిమిదంతస్తుల భవనం అడుగున, ఒకప్పుడు అందరూ బట్టలారేసుకున్న గదిలో, ఆయనవి ముప్ఫైయొక్క అద్దాల తొట్టెలున్నాయి. అన్నింట్లోనూ సిక్లిడ్ చేపలే. ఈదడం మొదలుపెట్టిన పసికూనలకు రోజుకు ఆరుసార్లు, కంటికి ఆననంత రొయ్య పిల్లలు. గోరంత పెరిగాక మూడుసార్లు, నలిపిన పొడి. ఎదిగినవాటికి రోజుకు ఒకేసారి, ఒకే చిటికెడు. ముసలివాటికి రోజు విడిచి రోజు. సోమవారం మాత్రం చిన్నా పెద్దా తేడా లేకుండా, కూనలకు తప్ప, అందరికీ ఉపవాసం. ఆకలితో చచ్చిన చేపను తానింతవరకు చూడలేదనీ, యజమాని ప్రేమతో చచ్చినవాటిని బకెట్లకు బకెట్లు చూశాననీ ఆయన అంటుంటాడు. నలభై ఏళ్లలో ఏ చేపకూ ఒక్క చిటికెడు ఎక్కువ వేసి ఎరగడు.

ఆ సిద్ధాంతం తొట్టెల్లోనే ఉండిపోతే గొడవే లేకపోయేది. అది నేలమాళిగ మెట్లెక్కి ఇంట్లోకి వచ్చింది. ఆయన భార్య క్వేతా ప్రతి సోమవారం జుట్టు కత్తిరించుకోవడానికి వెళుతుంది. ఏళ్ల తరబడి వెళుతున్నా ఆవిడ జడ నడుం దాటే ఉంది. ఆ క్షౌరశాల పక్కన సాసేజ్‌లు కాల్చే కొట్టు ఉందన్న సంగతి లుబోర్‌కు తప్ప ఊరందరికీ తెలుసు.

అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజున, ఆవిడ ప్లేటులోని వేయించిన మాంసం ముక్కను లుబోర్ బొటనవేలంత కోసి మిగతాది పక్కకు తీశాడు.

"అత్తయ్యా, ఈ వయసులో పొట్ట చిన్నదవుతుంది."

"నా పొట్ట సంగతి నా పొట్ట చూసుకుంటుంది గానీ నాయనా, నీ ప్లేటు ఇలా తోయి" అని ఆవిడ అల్లుడిది కూడా తినేసింది. ఆ సాయంత్రం ఆయన తన మేత పుస్తకంలో "తిండి దగ్గర దూకుడు ఎక్కువ, విడిగా పెట్టవలెను" అని రాసుకున్నాడు. భవన సంఘంవాళ్లు చివరికి విసిగిపోయి, "ఆహార సలహాలు నేలమాళిగలో మాత్రమే ఇవ్వబడును" అని లిఫ్టులో కాగితం అంటించారు.

మూడో అంతస్తులో ఉండే బ్లాంకాకు ఈ గోలంటే ఒళ్లుమంట. ఆమె ట్రామ్ డ్రైవరు, నలభై ఏడేళ్లు, ఎవరి సలహా ఎన్నడూ అడిగింది లేదు. ఆ ఏడాది ఆమె అక్కకు పెద్ద జబ్బు చేసింది. ఎనిమిది నెలలు బ్లాంకాయే అన్నీ చేసింది. అక్కకు చెంచాతో తాగించడం, ట్రామ్ తోలడం, వచ్చి మళ్లీ తాగించడం. అక్క కోలుకుని, బుగ్గలు నిండి, వేడినీటి బుగ్గల ఊరికి ఆరు వారాల విశ్రాంతికి వెళ్లింది. అక్కను రైలెక్కించి ఇంటికొచ్చిన బ్లాంకాకు తిండి సంగతే గుర్తు రాలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దిగేది కాదు. పదో రోజున డిపోలో కళ్లు తిరిగి పడింది.

డిపో డాక్టరు తూకం వేశాడు. నలభై ఆరు కిలోలు. "నెల రోజుల్లో యాభై దాటితే మళ్లీ ట్రామ్ ఇస్తాం. లేకపోతే ఇక టిక్కెట్ల కిటికీయే" అన్నాడు. అప్పటిదాకా, జనం ట్రాముల్లో మరిచిపోయిన గొడుగులకు చీటీలు కట్టే పని అప్పగించారు. ఇరవై రెండేళ్లుగా ఊరంతా తన ముందు పరుచుకోవడం చూసిన మనిషికి గొడుగుల గదిలో ఊపిరాడలేదు. ట్రామ్ పోతుందన్న భయంతో బలవంతంగా తినబోతే ఉన్న కాస్త ఆకలీ చచ్చింది. అలా వారం గడిచింది.

ఆ వారం చివర లుబోర్ తలుపు తట్టాడు.

"నాకు ఆకలి లేదు, వయసు చెప్పను, పాలకూర వద్దు" అంది బ్లాంకా తలుపు సందులోంచి.

"నీకు పెట్టడానికి ఎవరొచ్చారమ్మాయ్? సాయం అడగడానికి వచ్చా" అన్నాడాయన. "పదిహేడో తొట్టెలో మలావీ సరస్సు జాతి ఆడచేప ఉంది. గుడ్లు నోట్లో దాచుకుని మూడు వారాలు పస్తు ఉంది. పిల్లల్ని వదిలేసింది గానీ, పాపం దానికి తినడం మరుపొచ్చింది. గుంపులో వేస్తే మిగతావి పొడిచేస్తాయి. విడిగా పెట్టి రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెం తినిపించాలి."

"మీరే తినిపించండి."

"నా మీసం చూస్తే రాయి వెనక్కి పోతోంది."

బ్లాంకా వచ్చింది. తన మీద జాలిపడకుండా ఎవరో పని చెప్పడం ఆమెకు బాగానే ఉంది. తీరా మేత డబ్బా తీసుకోబోతే లుబోర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పొద్దున్నుంచి ఏం తిన్నావు?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఆకలిగా ఉన్న చెయ్యి ఎక్కువ వేసేస్తుంది. ఖాళీ కడుపుతో నా తొట్టెల దగ్గరికి ఎవర్నీ రానివ్వను."

స్టూలు మీద అరగిన్నె వెల్లుల్లి సూప్ అప్పటికే పొగలు కక్కుతోంది. చేప కోసం కదా అని బ్లాంకా కళ్లు మూసుకుని తాగేసింది. తర్వాత వేసిన చిటికెడు మేతను ఆ చేప ఎగబడి తింది. తినడం మరిచిపోయిన జీవికి అది కాస్త ఎక్కువ ఆత్రమే అనిపించినా ఆమె పట్టించుకోలేదు.

పొద్దున ఒకసారి, సాయంత్రం రెండుసార్లు ఇదే వరస. మూడో రోజు సూప్‌లో బంగాళాదుంప ముక్కలు పడ్డాయి. ఐదో రోజు పక్కన సగం రొట్టె వచ్చింది. ఏడో రోజు గోధుమపిండి ఉండ ఒకటి, మీగడ పులుసుతో. ఆ రోజు బ్లాంకా గిన్నె తుడుచుకు తిని ముందుకు తోసింది.

"ఇంకో ఉండ వెయ్యండి."

"వెయ్యను. నువ్వింకా ఆ దశకి రాలేదు."

"దశేమిటి? నేనేమన్నా చేపనా?"

"చేపైతే ఇంత నోరుండదు" అని లుబోర్ గిన్నె తీసేశాడు. ఉక్రోషం పట్టలేక బ్లాంకా ఇంటికెళ్లి, ఆయన మీద కసితో నాలుగు గసగసాల రొట్టెలు తినేసింది. అన్నీ గొంతు దిగాయి. మర్నాడు ఆ సంగతి క్వేతాతో అంటే ఆవిడ నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

పన్నెండో రోజు లుబోర్ నీళ్లు మారుస్తుండగా క్వేతా ఆమెను మెట్ల కిందకు లాగింది.

"చెప్పొద్దన్నాడు గానీ చూస్తూ ఉండలేకపోతున్నానే. అది ఆడచేప కాదు."

"మరి?"

"మగది. మేయర్ అని పేరు. వాడి జన్మలో నోట్లో గుడ్డు పెట్టుకోలేదు. రోజుకోసారి తినాల్సినవాడు మూడుసార్లు తిని గుమ్మడికాయలా అయ్యాడు. ఈయనేమో వాడి పొట్ట తలుచుకుని నిద్ర పట్టక పక్కమీద దొర్లుతున్నాడు. నిన్ను కిందకు రప్పించడానికి వేరే దారి తోచలేదట."

అత్తగారి పుట్టినరోజు నాడు కూడా చిటికెడు ఎక్కువ వెయ్యని మనిషి, తన కోసం ఇరవైకి పైగా చిటికెలు ఎక్కువ వేయించాడు. బ్లాంకాకు మనసు నిండిపోయింది, ఏడుపూ వచ్చింది. అంతలోనే దుర్బుద్ధి కూడా పుట్టింది.

"నాకు చెప్పినట్టు ఆయనకు చెప్పకండి" అంది.

మూడు వారాలు గడిచాక డాక్టరు తూకం యాభై ఒక్క కిలోల ఆరు వందల గ్రాములు చూపించింది. బ్లాంకా ట్రామ్ తాళం చెవితో తిన్నగా నేలమాళిగకు వచ్చింది. లుబోర్ పదిహేడో తొట్టె ముందు గొంతుక్కూచుని ఉన్నాడు, ముఖం వేలాడేసుకుని.

"అమ్మాయ్, నీ బరువు సరే, దీనికి ఏదో రోగమొచ్చింది. రోజుకు మూడుసార్లు తింటోంది, పొట్ట చూస్తే వారం రోజులుగా తగ్గిపోతోంది. నా నలభై ఏళ్ల లెక్క తప్పింది."

"తప్పలేదు. రోజుకోసారే తింటున్నాడు."

"తింటున్నాడా?"

"మిగతా రెండుసార్లు నీళ్ల మీద వేళ్లు ఆడించి మేత మళ్లీ డబ్బాలోనే వేశాను. మేయర్ గారి ఆరోగ్యం చూసుకోవద్దూ?"

లుబోర్ మేత డబ్బా మూత తీసి లోపలికి తొంగిచూశాడు. "మగదని ఎప్పుడు తెలిసింది నీకు?"

"తొమ్మిది రోజులైంది."

"తెలిసి కూడా రోజుకు మూడుసార్లు వచ్చి కూచున్నావా? నాకెందుకు చెప్పలేదు?"

బ్లాంకా స్టూలు ముందుకు లాక్కుని కూర్చుంది.

"చెబితే సూప్ ఆపేస్తారని" అంది.