తంగేడు నరకనందుకు ఛార్జిషీటు

పన్నెండేళ్ళ కిందట, వానలు తగ్గుముఖం పట్టిన సెప్టెంబరులో, నన్ను పర్మనెంట్ వే సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా సూరత్‌కి వేశారు. హోదా పేరు పొడుగే గానీ పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పట్టాలు, స్లీపర్లు, కంకర, వాటిని మోసే మట్టికట్ట, ఆ కట్ట మీద మొలిచే గడ్డిపరకతో సహా అన్నిటికీ నేనే జవాబుదారీ. రైలు ఆగినా నన్నే అడుగుతారు, గేదె పట్టాలెక్కినా నన్నే అడుగుతారు.

చేరిన రెండో వారంలోనే జనరల్ మేనేజరు గారి తనిఖీ ఖాయమైంది. తనిఖీ అంటే ఆయన ప్రత్యేక రైలుకి చివర అద్దాల పెట్టెలో కూర్చుని వెళ్ళిపోతారు. దానికోసం మేం రోజుల తరబడి సున్నాలు కొడతాం. ‘జంగిల్ క్లియరెన్స్’ అందులో ఒక భాగం. మలుపుల దగ్గరా, గేట్ల దగ్గరా పొదలు పెరిగితే డ్రైవరుకి సిగ్నల్ కనపడదు కాబట్టి నరకాలి. అది అవసరమైన పనే. అడ్డమున్నా లేకపోయినా కట్టంతా గుండు గీకించడం మాత్రం మా భక్తి.

కోసాడ్ వైపు కట్ట వారన గునుగూ తంగేడూ విరగబూసి ఉన్నాయి. మాది తెనాలి. నా లెక్కలో గునుగు చేలో పీకి గట్టున పారేసే కలుపు, తంగేడు రోడ్డు పక్క పొద.

ఒకరోజు సత్తెవ్వ అనే ఆవిడ నలుగురిని వెంటేసుకుని ఆఫీసుకొచ్చింది. సిరిసిల్ల దగ్గరి పల్లె వాళ్ళది. భర్త మరమగ్గాల మీద పని చేస్తాడు, ఈవిడ ఇంట్లో కూర్చుని చీరలకి రాళ్ళు అంటిస్తుంది. కొత్త సారు తెలుగాయనేనని గేట్‌మాన్ చెప్పాడట. ఇన్నేళ్ళూ వీళ్ళు ఊళ్ళోనే తెలుగువాళ్ళు ఎక్కువుండే పర్వత్ పాటియా వెళ్ళి అక్కడివాళ్ళ బతుకమ్మ చుట్టూ ఆడి వచ్చేవాళ్ళు. ఈసారి తాముండే కోసాడ్ క్వార్టర్లలో సొంతంగా పేరుస్తామని, ఆ పాటియా వాళ్ళనే పిలిచి కూర్చున్నారు.

“సద్దుల దాంక పొదలు కొట్టియ్యకుండ్రి సారూ,” అంది. “బజార్ల బంతే దొరుకుతది. తంగేడు లేంది గది బతుకమ్మేంది? ఆళ్ళ ముంగట మా మొకాలు ఏడ వెట్టుకోవాలె?”

చూద్దాం లేమ్మా అని పంపించేశాను. చూడలేదు.

సద్దులంటే తొమ్మిదిరోజుల బతుకమ్మలో ఆఖరిరోజు. తనిఖీ దాని మర్నాడు. నేను సద్దులకి ముందురోజు పొద్దున్నే గ్యాంగుని దింపి కట్టంతా నున్నగా చేయించి, రిజిస్టరులో పని పూర్తయిందని సంతకం గిలికేశాను. సాయంత్రం సత్తెవ్వ వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. “మనోళ్ళే గదా అని అడిగినం సారూ,” అని వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నరికిన కుప్పల్లో గునుగు మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది. అది కోసినా రోజుల తరబడి వాడదని నాకు ఆరోజే తెలిసింది. ఆడవాళ్ళు మోపులు కట్టుకుని పోయారు, రంగుల్లో ముంచడానికి. సూరత్‌లో చీరలకి రంగులద్దే మిల్లులకి కొదవా! తంగేడు మాత్రం మధ్యాహ్నానికే వడిలిపోయింది.

సద్దులనాటి పొద్దున ఆఖరిసారి చూసుకుందామని, పట్టాల మీద మనుషులు తోసే ట్రాలీ ఎక్కి వెళ్ళాను. కల్వర్టు దాటాక, కంచె వారన, ఇంత పొడుగున తంగేడు పసుప్పచ్చగా నవ్వుతూ కనపడింది. అక్కడ కొట్టే పని ముందురోజే కీమాన్ మగన్‌భాయ్‌కి అప్పజెప్పి ఉన్నాను. కీమాన్ అంటే రోజూ పట్టాల వెంట నడిచి వదులైన క్లిప్పులు బిగించే మనిషి. ఒళ్ళు మండిపోయింది. సంతకం పెట్టింది నేను! అక్కడికక్కడే పదకొండో నంబరు ఫారం తీసి అతని పేరు రాశాను. చిన్న శిక్షలకిచ్చే ఛార్జిషీటు అది. అంతలో పట్టాల వెంట అతనే ఎదురొస్తే, ఎందుకు వదిలావయ్యా అని హిందీలో కేకలేశాను.

మగన్‌భాయ్ బెదరలేదు. అది ఆవళ్ సాహెబ్ అన్నాడు, తంగేడుకి గుజరాతీలో పేరది. వాళ్ళమ్మ మోకాళ్ళకి ఆ ఆకే వెచ్చచేసి కడతాడట. పుల్లతో పళ్ళు తోముకుంటాడట. తాతల నాడు దాని బెరడుతో తోళ్ళు పదును చేసేవారట. సిగ్నల్‌కి అడ్డం లేదు, నిలబడి చూశానన్నాడు. “మీకంటే ముందు నలుగురు ఇంజనీర్ల చేతిలోంచి దీన్ని కాపాడాను సాహెబ్,” అని కూడా అన్నాడు. ఐదోవాణ్ణి నేను.

ఫారం మడిచి జేబులో పెట్టుకుని గేట్‌మాన్‌తో సత్తెవ్వకి కబురు పంపాను. అరగంటలో ఆడవాళ్ళంతా కంచె అవతల వాలిపోయారు. మగన్‌భాయ్ ఎర్రజెండా పట్టుకుని ఒక్కరినీ పట్టాలవైపు రానివ్వలేదు. “ఫూల్ లే జావ్, పత్తా ఛోడో,” పూలు పట్టుకెళ్ళండి, ఆకులొదలండి అని అరుస్తూనే ఉన్నాడు. ఆకులు వాళ్ళమ్మకి కావాలి మరి.

సాయంత్రం కోసాడ్ వెళ్ళి ఓ మూల నిలబడ్డాను. అడుగున తంగేడు, దానిపైన చిలకపచ్చ, నీలం, గులాబీ రంగుల్లో గునుగు, వరసమీద వరస. పర్వత్ పాటియా ఆడవాళ్ళు మూడుసార్లు చుట్టూ తిరిగి చూశారు. వంక దొరక్క, చివరికి ఒక ముసలమ్మ పైన గుమ్మడిపువ్వు జర వంగిందంది. సత్తెవ్వ నావైపు చూసి పకపకా నవ్వింది. నా ప్రాణం అప్పుడు కుదుటపడింది.

మర్నాడు తనిఖీ రైలు కల్వర్టు దగ్గర నెమ్మదించింది. పూలన్నీ కోసుకుపోవడంతో ఆ పొదలు ఒద్దికగా పెంచిన కంచెలా ఉన్నాయి. ఈ పచ్చదనం ఎవరి ఆలోచన అని పెద్దసారు అడిగారు. మా పై అధికారి వెనకాముందూ చూడకుండా నా పేరు చెప్పేశాడు. నెల తిరక్కుండా నాకు ప్రశంసాపత్రం వచ్చింది, నేను నరకమన్న మొక్కకి!

ఆ ఉదంతం నేర్పింది ఇదీ: ఏది కలుపో రాసుకునే ముందు, కట్ట వెంట కాలినడకన తిరిగేవాణ్ణీ, ఆ మొక్క కోసం వంగేవాళ్ళనీ అడగాలి. ట్రాలీ మీద కూర్చున్నవాడికి అన్నీ ఒకటే ఆకుపచ్చ. ఛార్జిషీటు చింపేసి, మగన్‌భాయ్‌కి కూడా ప్రశంసాపత్రం ఇవ్వమని పైకి రాశాను. కారణం రాయమన్నారు. ‘నా ఆదేశం పాటించనందుకు’ అని రాశాను. అలాంటి పద్దు లేదని తిప్పి పంపారు.